వాగుల వెంట బాటలు: రాలీ గ్రీన్‌వేలు

అమెరికాలోని నార్త్ కరోలినా రాజధాని రాలీలో గ్రీన్‌వే అంటే వాగు ఒడ్డున చెట్లున్న నేల, దాని గుండా సాగే తారు బాట. నగరం వేగంగా విస్తరిస్తున్న రోజుల్లో, వాగుల పక్క ముంపు నేలల్లో కట్టడాలు రాకుండా చూడాలని బిల్ ఫ్లోర్నోయ్ అనే విద్యార్థి 1972లో నగర మండలికి నివేదిక ఇచ్చాడు. 1974లో పని మొదలైంది. నేడు బాటల పొడవు 100 మైళ్లు దాటింది.

వీటిలో పెద్దది న్యూస్ నది బాట. ఫాల్స్ లేక్ ఆనకట్ట దిగువన మొదలై, జాన్‌స్టన్ కౌంటీ సరిహద్దు దాకా 27.5 మైళ్లు వెళ్తుంది. రాలీ వాసులు తాగే నీళ్లలో ఎక్కువ భాగం ఆ ఆనకట్ట వెనకున్న జలాశయానివే. చిత్తడి నేల ఎదురైన చోట మట్టి పోసి పూడ్చలేదు; చెక్క వంతెన వేశారు. నదిని దాటడానికి వేలాడే వంతెనలున్నాయి. ఇంకా దిగువన వాల్నట్ వాగు బాట వచ్చి నది బాటలో కలుస్తుంది. వాగులు ఎటు పారితే బాటలూ అటే.

వాగుల వెంట నడిస్తే అక్కడక్కడ మ్యాన్‌హోల్ మూతలు కనిపిస్తాయి. మురుగు పల్లానికే పారుతుంది కనుక పెద్ద పైపులు వాగుల పక్కనే వేస్తారు. పైపుల మీద ఇల్లు కట్టనివ్వరు. ఆ ఖాళీ నేలనే నడకకు వాడుకుంటే కొత్తగా భూమి కొనే ఖర్చు తగ్గుతుంది. మిగిలిన చోట్ల లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే గ్రీన్‌వే కోసం స్థలం వదిలిస్తారు.

వాగును కాపాడే నిబంధన వేరే ఉంది. 1995లో న్యూస్ నది ముఖద్వారం దగ్గర చేపలు పెద్దయెత్తున చనిపోయాయి. నీటిలో నత్రజని పెరగడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ తర్వాత రాష్ట్రం ఒడ్డు నుంచి 50 అడుగుల మేర పచ్చదనం ఉంచాలని నియమం పెట్టింది. మొదటి 30 అడుగుల్లో చెట్లను కదపకూడదు. తర్వాతి 20 అడుగుల్లో గడ్డి ఉన్నా సరిపోతుంది. వాన నీరు అక్కడ నెమ్మదించి, మట్టిని వదిలేసి నేలలోకి ఇంకుతుంది. వేళ్లు, నేలలోని సూక్ష్మజీవులు నత్రజనిని తగ్గిస్తాయి.

బాట కూడా ఈ నేలకు భారమే. చెట్లు కొట్టాలి, తారు మీద నీరు ఇంకదు. అందుకే వీలైన చోట దాన్ని ఒడ్డుకు ఎడంగా వేసి, కొన్ని చోట్ల మాత్రమే నీటి దగ్గరికి తెస్తారు. భారీ వానలకు బాటలు మునుగుతాయి. అప్పుడు వాటిని మూసేసి, నీరు తీశాక బురద ఎత్తి, కోతపడిన అంచులు, దెబ్బతిన్న పలకలు సరిచేసి తెరుస్తారు.