గ్రీన్ స్ట్రీట్‌లో మనం

శనివారం ఆట మధ్యాహ్నం మూడు గంటలకు. నాకు మాత్రం అది పదకొండింటికే, ముదురెరుపూ లేతనీలమూ కలిసిన మఫ్లరును అలమరలో వెతుక్కోవడంతో మొదలయ్యేది.

2005 నుంచి పదకొండేళ్ళపాటు తూర్పు లండనులోని ఈస్ట్‌హామ్‌లో కాపురమున్నాను. దోసెలూ కరివేపాకూ దొరికే పేట కావడంతో తెలుగువాళ్ళం చాలామందిమి అక్కడే అద్దెకుండేవాళ్ళం. నడిచివెళ్ళే దూరంలో అప్టన్ పార్కు. అక్కడ 1904 నుంచీ వెస్ట్‌హామ్ యునైటెడ్ ఫుట్‌బాలు జట్టు మైదానం. ఆటరోజున మావాళ్ళు ఆ జనసమ్మర్దాన్ని తప్పించుకు తిరిగేవారు. నేను ఏరికోరి అందులో కలిసేవాణ్ణి.

టౌన్‌హాలు దగ్గర మలుపు తిరిగి బార్కింగ్ రోడ్డు వెంట పడమరగా నడక. మాంసం కూరిన పైలూ, మెదిపిన బంగాళాదుంపలూ అమ్మే దుకాణం ముందు బారులు తీరిన జనం. నేను శాకాహారిని, అయినా ఆ వాసన సోకితేగాని ఆటరోజన్న నమ్మకం కుదిరేది కాదు. గ్రీన్ స్ట్రీట్ కూడలిలో కంచు విగ్రహం: 1966 ప్రపంచకప్పును ఎత్తిపట్టుకుని, సహచరుల భుజాలమీద బాబీ మూర్. ఆనాటి ఫైనల్లో ఇంగ్లాండు చేసిన నాలుగు గోల్సూ వెస్ట్‌హామ్ ఆటగాళ్ళవే. మూడు హర్స్ట్‌వి, ఒకటి పీటర్స్‌ది. ధ్వజస్తంభానికి మొక్కి గుడిలోకి వెళ్ళినట్టు, ఆ విగ్రహం ముందు ఒక్క క్షణం నిలబడి లోపలికి వెళ్ళేవాణ్ణి.

నా పక్క కుర్చీ ఒక పెద్దాయనది. తరతరాలుగా ఓడరేవుల్లో పనిచేసిన కుటుంబం. ఈ జట్టు పుట్టిందీ ఓడలు కట్టే కర్మాగారంలోనే, 1895లో. చిహ్నంలోని జంట సుత్తులు ఆ కార్మికుల పనిముట్లే. విరామ సమయంలో ఆయన కోటు జేబులోంచి ఒక టాఫీ తీసి, మాటా పలుకూ లేకుండా నా చేతిలో పెట్టేవారు. నేను ఒక ఆటకు రాలేకపోతే, మరుసటి ఆటకు బాకీ తీర్చినట్టు రెండు.

మన భాషలో 'మేము' వేరు, 'మనం' వేరు. ఇంగ్లీషులో రెండింటికీ కలిపి ఒకే మాట. ఆఫీసులో, ఇరుగుపొరుగులో ఆ మాట వినబడినప్పుడల్లా అది ఏదై ఉంటుందా అని నా మనసు తడుముకునేది. 2011లో జట్టు కింది శ్రేణికి జారిపోయినప్పుడు, "వచ్చే ఏడు మళ్ళీ పైకొస్తాం" అన్నారు పెద్దాయన. అది 'మనం' అని నాకు ఎవరూ అనువదించి చెప్పనక్కరలేకపోయింది. 2012లో వచ్చాం కూడా.

2016 మే 10న ఆ మైదానంలో చివరి ఆట. మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 2-1తో వెనుకబడి, ఎనభయ్యో నిమిషంలో విన్‌స్టన్ రీడ్ తలతో కొట్టిన గోలుతో 3-2గా గెలిచాం. ఆ తరువాత జట్టు స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒలింపిక్ స్టేడియానికి తరలిపోయింది. పాతచోట 35 వేలమంది పట్టేవారు, కొత్తచోట 60 వేలకు పైమాటే. కాని ప్రేక్షకుడికీ ఆటకూ మధ్య ఎంతో ఎడం. పెద్దాయన సీజను టిక్కెట్టు మళ్ళీ తీసుకోలేదు. నేను ఆ ఏడే హైదరాబాదుకు తిరిగివచ్చాను. పాత మైదానాన్ని పడగొట్టి ఇళ్ళు కట్టారు.

2023 జూన్ 7న ప్రాగ్‌లో ఫియోరెంటీనాపై 2-1తో గెలిచి, 1980 తరువాత మళ్ళీ ఒక పెద్ద కప్పు తెచ్చారు. తొంభయ్యో నిమిషంలో జారడ్ బోవెన్ గోలు. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటి రెండయింది. ఇల్లంతా నిద్రలో ఉంది. అన్నేళ్ళు ఎదురుచూసిన గెలుపు. కేకవేసేందుకు గొంతు లేవలేదు. టీవీ ఎంత దగ్గరగా చూపించినా, నడిచి వెళ్ళిన దారిని చూపించదు కదా.

"గెలిచాం" అనుకున్నాను నెమ్మదిగా. ఆ క్రియలో 'మేము' ఉందో 'మనం' ఉందో మన వ్యాకరణమూ చెప్పదు. పక్కన ఆయన ఉంటే తెలిసిపోయేది.