చల్లని నేల క్రింద ఆరని వేడి

గురుగ్రహమును మీరందరూ చూచియే ఉంటారు. మినుకుమినుకుమనక నిలకడగా వెలిగే పెద్ద చుక్క అది. మా ఇంట్లో ఒక పాత బైనాక్యులర్ ఉన్నది. దానిని పిట్టగోడమీద ఆనించి చూస్తే ఆ గ్రహము ప్రక్కన చిన్న చుక్కలు నాలుగు, ఒక్కొక్కప్పుడు రెండు మూడే, వరుసగా కనబడతాయి. 1610లో గెలీలియో చూచిన చందమామలు అవే. వాటిలో గురునికి అన్నిటికంటె దగ్గరగా తిరిగేదాని పేరు అయో. ఆ పేరు వినగానే మా పిల్లలు "అయ్యో" అని నవ్వుతారు. దాని అవస్థ వింటే ఆ మాట తగినదే అనిపిస్తుంది.

అయో మన చంద్రునికంటె కొంచెమే పెద్దది. సూర్యునికి మనకంటె అయిదు రెట్లు దూరములో ఉన్నది గనుక దాని నేల సున్నకు దిగువ సుమారు 130 డిగ్రీల చలిలో ఉంటుంది. అయినను దానిమీద 400 అగ్నిపర్వతములు రగులుతున్నాయి. మన చంద్రునిమీద అట్టి మంటలు ఎన్నడో ఆరిపోయాయి. మరి అక్కడ ఈ వేడి ఎక్కడిది?

చంద్రుడు మన సముద్రమును లాగినప్పుడు ఆటుపోట్లు వస్తాయి గదా. అక్కడ గురుగ్రహము గట్టి రాతినే లాగుతుంది. అయో సుమారు 42 గంటలలో గురుని ఒక చుట్టు చుట్టి వస్తుంది. అది నాలుగు చుట్లు తిరిగేసరికి యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి తిరుగుతాయి. ఇలా లెక్కతప్పక తోటి చందమామలు లాగుటచేత అయో దారి పూర్తిగా గుండ్రము కాలేదు. గురునికి దగ్గరైనప్పుడు ఎక్కువ సాగుతుంది, దూరమైనప్పుడు సడలుతుంది. దాని నేల 100 మీటర్ల వరకు లేచి పడుతుందని అంచనా. దడి కట్టేటప్పుడు ఇనుప తీగను త్రుంచుటకు మనము అటు ఇటు వంచుతాము. మడత దగ్గర ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. అయో వేడి అట్టిదే.

ఈ సంగతిని 1979 మార్చి 2న పీల్, కాసెన్, రేనాల్డ్స్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ముందుగానే లెక్కకట్టి ప్రచురించారు. మూడు రోజులకే వాయేజర్ 1 నౌక ఆ ప్రక్కగా సాగినది. నౌక దారి సరిచూచుటకు తీసిన ఫోటోలో, అయో అంచున గొడుగువలె లేచిన పొగను మార్చి 9న లిండా మొరాబిటో అను ఇంజనీరు కనిపెట్టారు. కంటికి కనబడకముందే కాగితముమీద తేలిన ఈ సంగతి మాకు మిక్కిలి నచ్చినది.

అయితే లోపల ఎంత కరిగినది? మంచుగడ్డవలె రాయి అంతా ఒకే వేడికి కరగదు. అందులో త్వరగా కరిగే ఖనిజములు ముందు కరిగి, మిగిలిన గట్టి రేణువుల సందులలో నిలుస్తాయి. ఎండిన ఏటిలో చెలమ తీసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఇసుక క్రింద చెరువేమీ ఉండదు, సందులలోని నీరే ఊరి చెలమ నిండుతుంది.

అయో పైపెంకు క్రింద శిలాద్రవపు సముద్రమే ఉన్నదని చాలాకాలము కొందరు తలచారు. జూనో నౌక 2023 డిసెంబరు 30న, 2024 ఫిబ్రవరి 3న సుమారు 1,500 కిలోమీటర్ల దగ్గరకు వెళ్లినది. ఆ కొలతలను బట్టి అయో ఎంత సాగుతున్నదో లెక్కించారు. సముద్రము ఉంటే పెంకు ఇంకా ఎక్కువ సాగవలెను. అంత సాగుట లేదు. పెంకుకు దగ్గరలో అయో అంతటా పరచుకొన్న సముద్రము లేదనీ, లోపల చాలా భాగము గట్టి రాయేననీ 2024 డిసెంబరులో ప్రకటించారు. ఆ 400 కొండలకు కావలసినదంతా చెలమ నీటివలె సందులలోనుండి ఊరి వస్తున్నది కాబోలు.