మాటకు మాట

ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లలు, పెద్దలు నన్ను ఎప్పుడూ ఒకే సంగతి అడుగుతారు. "మాస్టారూ, మాటలు గుర్తుండటం లేదు. ఏం చెయ్యాలి?"

నేను మాస్టారిని కాను. ఉద్యోగం నుంచి దిగిపోయిన గుమాస్తాను. బల్లలు సర్దుతాను, చాప పరుస్తాను, ఖాళీ దొరికితే మీ పక్కన కూర్చుంటాను. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. అయితే నేను చెప్పబోయేది తెలుగు గురించి కాదు, ఇంగ్లీషు గురించి. నేను కష్టపడి, తప్పులు చేసి, ఒకసారి మా నాన్న తల దించుకునేలా చేసి నేర్చుకున్న భాష అది. తెలుగు సంగతి దాని వెనకే వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

మా ఇల్లు దీవికి దక్షిణాన, చెరకు తోటల మధ్య ఉండేది. మా అవ్వతో తెలుగు మాట్లాడేవాళ్లం. వీధిలో, బడిలో స్నేహితులతో క్రియోల్. పక్కింటివాళ్లతో భోజ్‌పురి. దుకాణంలో ఉప్పుచేప చుట్టి ఇచ్చే పాత పేపరు ఫ్రెంచి. బడిలో పుస్తకం తెరిస్తే మాత్రం ఇంగ్లీషు. 1810లో బ్రిటిష్‌వాళ్లు ఈ దీవిని ఫ్రెంచివాళ్ల దగ్గర తీసుకున్నప్పుడు ఇక్కడివాళ్ల భాషను, చట్టాలను, మతాన్ని అలాగే ఉండనిస్తామని ఒప్పుకున్నారు. అందుకే ఫ్రెంచి పోలేదు. దాని మీద ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ఈనాటికీ మన చట్టసభ భాష ఇంగ్లీషే, సభ్యులు కావాలంటే ఫ్రెంచిలో మాట్లాడవచ్చు. ఇదంతా పెద్దల ఒప్పందం. దాని బరువు మోసింది ఆరేళ్ల పిల్లలం మేము.

నేను ఇంగ్లీషులో రాసిన మొదటి వాక్యాలలో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. "ఐ హావ్ ఎయిట్ ఇయర్స్." టీచరు ఎర్ర గీత కొట్టింది. నాకు అర్థం కాలేదు. క్రియోల్‌లో "మో ఎనా విత్ ఆన్" అంటాం, అంటే నా దగ్గర ఎనిమిదేళ్లు ఉన్నాయని. తెలుగులో "నాకు ఎనిమిదేళ్లు" అంటాం. రెండు భాషల్లోనూ ఏళ్లు మన దగ్గర ఉంటాయి. ఇంగ్లీషులో మాత్రం మనిషే ఎనిమిదేళ్లు అయిపోవాలి. ఇది నాకు అన్యాయంగా కనిపించింది.

మాటలు ఇంకా మోసం చేసేవి. పి, ఎ, ఐ, ఎన్. ఈ నాలుగు అక్షరాలను ఫ్రెంచిలో చదివితే రొట్టె, ఇంగ్లీషులో చదివితే నొప్పి. సి, ఓ, ఐ, ఎన్. ఫ్రెంచిలో మూల, ఇంగ్లీషులో నాణెం. ఒకసారి అమ్మతో పోర్ట్ లూయీ వెళ్లాను. ఒక బట్టల కొట్టు అద్దం మీద పెద్ద అక్షరాలతో ఎస్, ఎ, ఎల్, ఇ అని రాసి ఉంది. ఫ్రెంచిలో దాని అర్థం మురికి. "అమ్మా, ఈ కొట్టులో అంతా మురికట, వాళ్లే రాసుకున్నారు" అన్నాను. అమ్మ నమ్మి పక్క కొట్టుకి తీసుకుపోయింది. చవకగా దొరికే బట్టలు అలా పోయాయి.

ఇలాంటి మాటలను నేను దొంగ చుట్టాలు అంటాను. మొహం మన మనిషిలాగే ఉంటుంది, ఇంట్లోకి రానిచ్చాక తెలుస్తుంది ఎవరో. మీకూ ఇవి ఎదురవుతాయి. మీలో హిందీ వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మొన్న తరగతిలో ఒక అమ్మాయి "నాకు ఆలస్యం ఎక్కువ" అంది. తనకు బద్ధకం ఎక్కువ అని ఆమె ఉద్దేశం. హిందీలో ఆ మాటకు అర్థం బద్ధకమే. తెలుగులో ఆలస్యం అంటే వేళ దాటిపోవడం. అవసరం కూడా అంతే. హిందీవాళ్లకు అది మంచి అవకాశం, మనకు అది లేకపోతే గడవనిది. హిందీలో ఉపన్యాసం అంటే నవల, మనకు మైకు ముందు మాట్లాడేది. (మన పండుగ సభల్లో కొన్ని ఉపన్యాసాలు నవలంత పొడుగు ఉంటాయి, అది వేరే విషయం.)

ఇప్పుడు నా అసలు తప్పు చెబుతాను.

1975 ఫిబ్రవరి 6న జెర్వేజ్ తుఫాను వచ్చింది. మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, ఆ పేరు వినగానే ఆకాశం వైపు చూస్తారు. నాకు పద్నాలుగేళ్లు. మా ఇంటి రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. మేము అవ్వను మంచం కింద పడుకోబెట్టి, మంచం మీద తలుపు చెక్క వేసి, దాని మీద మేము కూర్చున్నాం. తెల్లారేసరికి గోడలున్నాయి, కప్పు లేదు. ఎదురుగా చెరకు అంతా నేలకు దువ్వినట్టు పడి ఉంది.

కప్పుకు రేకులు ఇస్తున్నారని తెలిసింది. అర్జీ ఇంగ్లీషులో ఉంటే మంచిదని ఎవరో అన్నారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడిని నేనే. నా ఫీజు కోసం నాన్న ఎండలో చెరకు కొట్టేవాడు, సెకండరీ చదువు ఉచితమైంది 1977లో కదా. ఆ చదువు అక్కరకొచ్చే రోజు ఇదేనని గర్వంగా కూర్చుని రాశాను. "నా తండ్రి రేకులు అడుగుతున్నాడు" అని రాయాలి. క్రియోల్‌లో అడగడాన్ని "దిమాన్" అంటాం. కాబట్టి ఇంగ్లీషులో "మై ఫాదర్ డిమాండ్స్" అని రాశాను.

కార్యాలయంలో పొడుగాటి వరస. మా వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న మనిషి కాగితం చదివి, కళ్లజోడు తీసి, ఆ వాక్యాన్ని గట్టిగా పైకి చదివాడు. తర్వాత క్రియోల్‌లో వరసలోని అందరికీ చెప్పాడు, ఇదిగో ఈ పెద్దమనిషి ప్రభుత్వానికి హుకుం జారీ చేస్తున్నాడు అని. జనం నవ్వారు. నాన్న టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఆ మనిషికీ క్రియోల్ వచ్చు, మా దిమాన్ ఏమిటో అతనికి బాగా తెలుసు. తెలిసే నవ్వాడు. అది నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

తిరిగి వస్తూ దారి పొడుగునా నాన్న మాట్లాడలేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అప్పుడు అడిగాడు.

"ఏటిరా, ఆ మాటకి అర్థం ఏటి?"

"అడుగుతున్నాడు అనే రాశాను నాన్నా. ఇంగ్లీషులో అది గట్టిగా, ఇచ్చి తీరాలని అడగడమట."

నాన్న కాసేపు ఆలోచించాడు. "గట్టిగా అడిగితే తప్పేటి? ఇల్లెగిరిపోయింది గదా" అన్నాడు. తర్వాత, "సరే, రేపు మెత్తగా అడిగే మాట తే" అన్నాడు.

మర్నాడు మా ఇంగ్లీషు మాస్టరుని అడిగి "రిక్వెస్ట్" తెచ్చాను. నాన్న దాన్ని రెండుసార్లు పలికి చూశాడు. "దీన్ని మనం మనవి అంటాం" అన్నాడు. నాకు ఆ మాట తెలియదు. అవ్వ దగ్గర నేను నేర్చుకున్న తెలుగు అన్నం, నీళ్లు, గొడ్డు, గోద. మనవి లాంటి మాట అందులో లేదు. నాన్న చిన్నప్పుడు మందిరం దగ్గర సాయంత్రపు బడిలో తెలుగు అక్షరాలు దిద్దాడు, రామభజనకు వెళ్లేవాడు. అక్కడి మాటలు ఆయన దగ్గర దాచిన సొమ్ములా ఉండేవి. ఖర్చు పెట్టే చోటు లేదంతే.

ఆ రాత్రి నుంచి మా ఇద్దరికీ ఒక బేరం కుదిరింది. నేను రోజుకో ఇంగ్లీషు మాట తేవాలి. దానికి బదులు నాన్న ఒక తెలుగు మాట ఇస్తాడు. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీశాను, ఇంగ్లీషుకి ఒకటి, క్రియోల్‌కి ఒకటి, తెలుగుకి ఒకటి. మొదటి రెండూ నేను రాసేవాణ్ని. మూడోది నాన్న రాసేవాడు, పెన్సిలు తడిచేసి, ఒక్కో అక్షరానికి ఊపిరి బిగబట్టి.

అంతకు ముందు నేను ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడానికి డిక్షనరీని మొదటి పేజీ నుంచి బట్టీ పట్టేవాణ్ని. అబేట్, అబెట్, అబేయన్స్. మూడు రోజుల్లో మూడూ కలిసి ముద్దైపోయేవి. ఒకేలా వినిపించే మాటలను పక్కపక్కన పెట్టి నేర్చుకుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. దయచేసి ఆ పని మీరు చెయ్యకండి. ఆదివారం తరగతిలో కొందరు అ నుంచి మొదలుపెట్టి జాబితాలు రాసుకోవడం చూస్తున్నాను, నాకు ఆ పాత డిక్షనరీయే గుర్తొస్తుంది.

నాన్నతో బేరంలో మాట ఒంటరిగా వచ్చేది కాదు. అది ఎక్కడ దొరికిందో చెప్పాలి, అది నాన్న రూలు. ఎరువు సంచీ మీదా? రేడియోలో తుఫాను హెచ్చరికలోనా? పాఠంలోనా? ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారు? సరిగా చెప్పలేకపోతే ఆ రోజు తెలుగు మాట లేదు. "గస్ట్" అనే మాట తుఫాను వార్తల్లో దొరికింది. క్రియోల్‌లో రఫాల్. నాన్న "ఈదురుగాలి" అని రాశాడు, ఆ రాత్రి మా రేకులు తీసుకుపోయింది అదేరా అన్నాడు. ఆ మాట నేను మరిచిపోవడానికి ప్రయత్నించినా మరిచిపోలేను.

కోత కాలంలో నాన్న అలసిపోయి, పెన్సిలు చేతిలోనే ఉండగా నిద్రపోయేవాడు. ఆ నెలల పేజీల్లో మూడో గడి చాలా చోట్ల ఖాళీ. కొన్ని మాటలకు తెలుగు లేదని ఒప్పుకునేవాడు. "ఇన్సూరెన్సు" ఎదురుగా ఒక చిన్న గీత గీసి, "మనవాళ్లకి అది ఉండి ఉంటే గదా మాటుండడానికి" అన్నాడు.

ఆయన రాసిన తెలుగు పుస్తకాల తెలుగు కాదు. చద్ది అన్నం దగ్గర "సల్ది" అని ఉంటుంది. చాలా ఏళ్లకు ఒక తెలుగు పంతులుగారు ఆ నోటుబుక్కు చూసి అది తప్పన్నారు. నాకు మొహం మాడిపోయింది. ఉత్తరాంధ్రలో ఊళ్లవాళ్లు నేటికీ అలాగే అంటారని తర్వాత తెలిసింది. మన ముత్తాతలు ఎక్కువమంది ఓడ ఎక్కి వచ్చింది ఆ వైపు నుంచే. మీ ఇంట్లో మాట ఒకలా, పుస్తకంలో ఒకలా ఉంటే రెండూ రాసుకోండి. ఇంటి మాటను కొట్టేయకండి.

రేకుల సంగతి చెప్పలేదు కదూ. రెండో అర్జీకి మూడు వారాల తర్వాత వచ్చాయి. మెత్తటి మాట పనిచేసిందో, మా వంతే వచ్చిందో నేను చెప్పలేను.

తర్వాత నేను కూడా ఒక బల్ల వెనక కూర్చున్నాను. 1994 ఫిబ్రవరిలో హొలాండా తుఫాను వచ్చి వెళ్లాక అర్జీలు కుప్పలుగా వచ్చాయి. ఒకదానిలో పిల్ల చేతిరాత. "మై గ్రాండ్‌మదర్ డిమాండ్స్." ఎదురుగా ఆ ముసలమ్మ నిలబడి ఉంది, పక్కన మనవరాలు, నా మొహం వంక చూస్తూ. నేను కాగితం మీద ముద్ర వేశాను, ఫైల్లో "రిక్వెస్ట్" అని రాసి పైకి పంపాను. ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను. అప్పటికి ఆయనకు చూపు తగ్గింది.

"గట్టిగానే అడిగిందని రాయవలసింది" అన్నాడు.

నోటుబుక్కులు రెండూ నా దగ్గరున్నాయి. ఆదివారం వస్తే చూపిస్తాను. రెండోదానిలో ఒక వరస ఉంది, దానికి మాత్రం మూడో గడే ముందు నిండింది. ఒక రాత్రి నాన్న తనే ముందు తెలుగు మాట ఇచ్చాడు. "ఆ రోజు ఆఫీసులో నేనెందుకు నోరిప్పలేదు? మొహమాటం. దీనికి ఇంగ్లీషు తే" అన్నాడు. "షై" తెచ్చాను. అర్థం అడిగాడు, సిగ్గు అన్నాను. "సిగ్గు కాదురా" అన్నాడు. మాస్టరుని అడిగి "హెజిటేషన్" తెచ్చాను. విని, అదీ కాదన్నాడు. ఇంకా నాలుగైదు తెచ్చాను. ఏదీ తీసుకోలేదు.

ఆ వరసలో ఇంగ్లీషు గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మీకు దొరికితే ఈ పత్రికకు రాసి పంపండి. ఎక్కడ దొరికిందో, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాయాలి. అది రూలు.