తాతని అడిగి రా

ఉగాది వచ్చిందంటే పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ల సభ ఉంటుంది. సభ ఉందంటే పిల్లల అంశం ఉండి తీరాలి. ఆరో తరగతి కుర్రాడు అట్టకిరీటం పెట్టుకుని, గద భుజానికెత్తుకుని, దుర్యోధనుడి డైలాగు ఒక పేజీ ఊపిరి తిప్పుకోకుండా చెబుతాడు. చప్పట్లు మోగిపోతాయి. వేదిక వెనక్కి వెళ్లి చూస్తే వాడి చేతిలో ఆ డైలాగు కాగితం ఇంకా నలుగుతూనే ఉంటుంది. మాటలు తెలుగువే, రాసింది మాత్రం హిందీ అక్షరాల్లో. తెలుగు చదవడం రాని పిల్లాడి కోసం వాళ్లమ్మ రాత్రుళ్లు కూర్చుని అలా రాసిచ్చింది. ఆ తల్లికి దణ్ణం పెట్టాలి. కానీ వాణ్ణి దగ్గరికి పిలిచి "దుర్యోధనుడికి అంత కోపం ఎందుకొచ్చిందిరా?" అని అడిగితే "తెలీదు ఆంటీ, మమ్మీ ఇలాగే చెప్పమంది" అంటాడు.

ఈ ద్వీపాల్లో ఇన్నేళ్లుగా ఉంటున్న నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు పుట్టించే మాట అది. పిల్లాడు వేదిక ఎక్కాడు, తెలుగు పలికాడు, బహుమతి కూడా తీసుకున్నాడు. అయినా ఆ పేజీలో వాడిది ఒక్క మాటా లేదు.

పాస్‌పోర్టు అక్కర్లేని ప్రవాసం మాది. విశాఖ రేవులో ఓడ ఎక్కితే రెండు మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ మొత్తం జనం 3,80,581. అందులో నూటికి పదమూడు మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే పెద్ద గుంపు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకీ, కట్టుబడి పనులకీ, చిన్నాచితకా వ్యాపారాలకీ వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. 2024 సెప్టెంబరులో కేంద్రం మా ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చింది గానీ మా నోళ్లలో ఇంకా పోర్ట్ బ్లెయిరే.

ఇక్కడి తెలుగు ఇంట్లో ఒక పూట కూర్చుంటే విషయం తెలిసిపోతుంది. నాన్నమ్మ శ్రీకాకుళం యాసలో పిలుస్తుంది. మనవడికి ప్రతి మాటా అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలో ఇస్తాడు. వీధిలో అందరి భాషా హిందీయే కదా. బెంగాలీ పిల్లాడూ, తమిళ పిల్లాడూ, రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లాడూ, నికోబారీ పిల్లాడూ కలిసి ఆడుకునేది ఆ భాషలోనే. అందులో తప్పేమీ లేదు, అది ఈ ద్వీపాల అందం కూడా. కానీ ఆ పెద్దావిడ దగ్గర అరవై ఏళ్ల కథ ఉంది. అది అడిగేవాళ్లు లేక లోపలే ఉండిపోతోంది. "తెలుగులో మాట్లాడు" అని పిల్లాణ్ణి ఎంత గదిమినా లాభం లేదు, మాట్లాడవలసిన అవసరం వాడికి కనబడాలి. ఆ అవసరాన్ని పుట్టించే పద్ధతి నాకు తెలిసినంతలో నాటకం ఒక్కటే. నేర్పించి ఆడించే నాటకం గురించి కాదు చెబుతున్నది, పిల్లలే కూర్చుని కట్టుకునే నాటకం గురించి.

వేసవి సెలవుల్లో మేం కొందరం కలిసి పిల్లలకి నాటక శిబిరం పెడతాం. పొద్దున్న ఆరున్నరకే మొదలు. ఇక్కడ తెల్లవారుజామున ఐదుకే వెలుగొచ్చేస్తుంది, మే నెలలో కూడా సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి. పైన రేకుల కప్పు. మే సగానికి వచ్చేసరికి వానలు మొదలవుతాయి, ఆ రేకుల మీద వాన పడిందంటే పక్కవాడి మాట కూడా వినబడదు. మొదట్లో వాన వస్తే ఆపేసేవాళ్లం. ఇప్పుడు ఆపం. వాన పడుతున్నంతసేపూ మాటల్లేకుండా, ఒంటితోనే కథ చెప్పాలన్నది నియమం. నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్లలు ఎదురు చూసేది ఆ వాన కోసమే.

మొదటి రోజుల్లో పుస్తకం ఉండదు, డైలాగు ఉండదు. గుండ్రంగా నిలబడతాం. నడుస్తాం, ఆగుతాం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి అద్దం ఆట ఆడతారు: ఒకరు చెయ్యి ఎత్తితే రెండోవారూ ఎత్తాలి, ఎవరు నడిపిస్తున్నారో చూసేవాళ్లు కనిపెట్టలేకపోవాలి. ఆ తర్వాత బొమ్మలు. నలుగురు కలిసి కదలకుండా ఒక దృశ్యంగా నిలబడాలి. "జంగ్లీఘాట్ జెట్టీకి పడవ వచ్చింది" అంటాను. ఒకడు తాడు లాగుతున్నట్టు వంగుతాడు, ఒకమ్మాయి తలమీద బుట్ట ఎత్తుకున్నట్టు మెడ నిలబెడుతుంది, ఇంకొకడు కింద కూర్చుని వంజరం బేరమాడుతున్నట్టు వేళ్లు చూపిస్తాడు. ఇదంతా వాళ్లకి ఎవరూ నేర్పలేదు. రోజూ చూస్తున్నదే, దాన్ని చూపించమని ఇంతవరకూ అడిగినవాళ్లు లేరు.

అసలు పని కుర్చీతో మొదలవుతుంది. గది మధ్యలో ఒక కుర్చీ వేస్తాం. అందులో కూర్చున్న పిల్లాడు ఇక తనుగా ఉండడు, కథలో ఒక మనిషి. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఒక శిబిరంలో ఎనిమిదో తరగతి కుర్రాడు వాళ్ల తాతయ్యగా కూర్చున్నాడు. యువకుడిగా ఉన్నప్పుడు విశాఖ నుంచి ఓడ ఎక్కి వచ్చిన మనిషి ఆయన. ప్రశ్నలు మొదలయ్యాయి. ఓడలో ఏం తిన్నావు? నీతో ఎవరొచ్చారు? సంచిలో ఏం తెచ్చుకున్నావు? వాడు రెండిటికి ఏదో చెప్పాడు. అప్పుడు వెనక నుంచి ఒక చిన్నమ్మాయి అడిగింది: "నువ్వొచ్చేటప్పుడు మీ అమ్మ ఏడ్చిందా?"

కుర్రాడు ఆగిపోయాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడే, నేనే వద్దన్నాను. "తాతని అడిగి రా."

మర్నాడు వాడు శిబిరానికి ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీ వేసేదాకా కూడా ఆగలేదు. వెళ్లి కూర్చుని, వీపు కొంచెం వంచి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, అచ్చం శ్రీకాకుళం యాసలో అన్నాడు: "అమ్మకి సెప్పకుండా ఒచ్చేసినాను. సెప్తే ఎల్లనిచ్చీదు కాదు." అప్పటిదాకా వాడి నోట హిందీ తప్ప నేను విన్నది లేదు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం తడబడలేదు. పుట్టినప్పటి నుంచి విన్న తెలుగు వాడి చెవిలో భద్రంగానే ఉంది. దాన్ని పలకడానికి వాడికో మనిషి కావలసి వచ్చింది, ఆ మనిషి తాతే అయ్యాడు.

ఆ తర్వాత ప్రశ్నల మోజు మిగతా పిల్లలకీ అంటుకుంది. ఒకమ్మాయి వాళ్ల నాన్నమ్మని అడిగి, ఊరి నుంచి చోడిపిండి మూట కట్టుకుని వచ్చిందనీ, ఓడలో వాంతులకి అది కూడా ముట్టుకోలేదనీ తెలుసుకుంది. ఇంకొకడు వాళ్ల మావయ్య దగ్గర కూర్చుని వల అల్లడం నేర్చుకుని వచ్చి మాకు చూపించాడు. తల్లిదండ్రులు నాతో అన్నది ఒక్కటే: రాత్రి అన్నాల దగ్గర ముసలాళ్లూ పిల్లలూ మాట్లాడుకుంటున్నారని. అదీ తెలుగులో, ఎవరూ గదమకుండానే.

చివరి రోజు ప్రదర్శనలో ఆ తాతయ్య మొదటి వరసలో కూర్చున్నారు. మనవడు ట్రంకుపెట్టె మోసుకుంటూ ఓడ మెట్లెక్కుతున్నాడు. ఆయన లేచి నిలబడి గట్టిగా అన్నారు: "పెట్టి కాదురా, గోనిసంచి!" హాలంతా గొల్లుమంది. మనవడు బెదరలేదు. పెట్టె పక్కన పెట్టి, వేదిక వెనక్కి వెళ్లి, ఎక్కడ దొరికిందో గోనెసంచి తెచ్చుకుని, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. పాఠాన్ని అప్పజెప్పే పిల్లాడు అలా చెయ్యలేడు.

ఇదంతా మేం కనిపెట్టిన విద్య కాదు. ఇంగ్లండ్‌లో కవెంట్రీ నగరంలోని బెల్‌గ్రేడ్ థియేటర్ 1965లో నటుల్ని బడులకి పంపి, తరగతి గదిలోనే పిల్లలతో కలిసి నాటకం కట్టించడం మొదలుపెట్టింది. ఉపాధ్యాయురాలే పాత్రలోకి దిగి పిల్లల్ని ఆలోచింపజేసే పద్ధతిని డొరొతీ హీత్‌కోట్ ఆ దేశంలోనే పెంచి పోషించారు. కదలకుండా బొమ్మల్లా నిలబడి తమ కష్టాన్ని చూపించడం బ్రెజిల్‌కి చెందిన అగస్తో బోల్ నాటకశాల నుంచి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1989లో పిల్లల కోసమే ఒక విభాగం పెట్టింది. మైసూరులో రంగాయణం వేసవి శిబిరం చిన్నర మేళా కోసం తల్లిదండ్రులు ముందే వరస కడతారు.

అంతకు ఎంతో ముందే మనకి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులున్నారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు, తర్వాత హైదరాబాదుకి మారి అక్కడా పిల్లల్ని పోగు చేశారు. రేడియోలో పిల్లల కార్యక్రమాన్ని పిల్లల గొంతులతోనే నడిపించారు. ఆడటం, పాడటం, నాటిక వెయ్యడం చదువుకి అడ్డమని తెలుగు ఇళ్లు అనుకుంటున్న కాలంలో వాళ్లు జీవితాలు దానికే పెట్టేశారు. ఆ దంపతులకి మనం ఇంకా చాలా రుణపడి ఉన్నాం. ఆ దారి వదిలేసి పోటీలకీ, బహుమతులకీ, కంఠస్థానికీ మళ్లిపోయాం.

బడుల సంగతికొస్తే, కాగితం మీద అంతా బాగానే ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం కళలు, సంగీతం, నృత్యం, నాటకం మీద విడిగా ఒక పత్రమే రాశారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా కళలతో కలిపి పాఠం చెప్పమంటుంది. ఆచరణలో అది చాలాచోట్ల చార్టు పేపరు మీద రంగుల బొమ్మ దగ్గర ఆగిపోతుంది. ఉపాధ్యాయుల్ని నేను తప్పుపట్టను. నాటకంతో పాఠం ఎలా చెప్పాలో వాళ్లకి ఎవరైనా చేసి చూపిస్తే కదా. ఒకే గదిలో అయిదారు మాతృభాషల పిల్లలుంటే పాఠం చెప్పడం కష్టమని అంటారు, నిజమే. నాటకానికి మాత్రం అదే పెట్టుబడి. మా ఊరి అబర్దీన్ బజార్ దృశ్యం కట్టించినప్పుడు ఎవరి ఇంటి భాషలో వాళ్లు బేరమాడమన్నాం. బెంగాలీలో కూరగాయలమ్మాయి ధర చెబితే తెలుగు పిల్లాడు తెలుగులో తగ్గించమన్నాడు, తమిళ పిల్లాడు మధ్యలో దూరి తగువు తీర్చాడు. ఒకరి భాష ఒకరికి ఎంత తెలుసో వాళ్లకే ఆ రోజు తెలిసింది.

ఈ ద్వీపాల్లో పిల్లలతో నాటకం అనగానే పెద్దలందరి చూపూ సెల్యులర్ జైలు మీదికే పోతుంది. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలు ఆవరణలో రోజూ సాయంత్రం ధ్వని కాంతి ప్రదర్శన ఉంటుంది. అక్కడి రావిచెట్టే కథ చెబుతుంది, ఓం పురి గొంతుతో. ఇక్కడి పిల్లలకి అది కంఠతా వచ్చు. జైలు నాటకం వెయ్యమంటే అందరూ గొలుసులు కట్టుకుని నినాదాలిచ్చేస్తారు. అందుకని మేం నినాదాలు పక్కన పెట్టించి గానుగ దగ్గర మొదలుపెట్టాం. ఖైదీని ఎద్దుకి బదులు కట్టి, రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తియ్యమనేవారు. పిల్లలు ఊహల కాడి భుజాల మీద పెట్టుకుని మాట్లాడకుండా గుండ్రంగా తిరిగారు. పావుగంట గడిచేసరికి ఒక్కొక్కరే కింద కూర్చుండిపోయారు. అప్పుడు ఒకడు అడిగాడు: "మనవాళ్లు కూడా ఇలా తిప్పారా?" 1922–24 రంప పోరాటం తర్వాత అల్లూరి అనుచరుల్లో కొందరిని ఈ ద్వీపాలకి పంపారనీ, 1933 కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి ఈ జైలుకే వచ్చారనీ అప్పుడు చెప్పాను. పాఠంగా చెప్పివుంటే వినేవారు కాదు. ఆ రోజు మాత్రం భయంకరాచారి ఎలా ఉండేవారు, తెలుగులో ఎవరితో మాట్లాడేవారు అని భోజనాల వేళ దాకా వదల్లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. 2004 డిసెంబరు 26 నాటి సునామీని పిల్లల చేత వేయించమని బయటి నుంచి వచ్చినవాళ్లు సలహా ఇస్తుంటారు. ఇప్పటి పిల్లలు అప్పటికి పుట్టలేదు, కానీ వాళ్ల ఇళ్లలో పోయిన మనుషుల ఫోటోలకి దండలున్నాయి. ఏ పిల్లాడైనా తనంతట తాను ఆ కథ తెస్తే వింటాం, వాళ్ల ఇంట్లో అడిగి ముందుకెళతాం. పిల్లల దగ్గర ఏడుపు తీయించి చప్పట్లు కొట్టించుకోవడం నాటకశిక్షణ కాదు.

హైదరాబాదులోనూ, విశాఖలోనూ, విజయనగరంలోనూ నాటకం చదివినవాళ్లూ, నాటకమే బతుకుగా ఉన్నవాళ్లూ చాలామంది ఉన్నారు. మా సభలకి పిలిస్తే న్యాయనిర్ణేతలుగా వస్తారు, శాలువా కప్పించుకుని రెండో రోజు విమానమెక్కేస్తారు. నేను అడుగుతున్నది వేరు. ఏప్రిల్ నెలాఖరుకో, మే మొదట్లోనో, వానలు ముదరకముందే రండి. పది రోజులు ఉండండి. మా ఇళ్లలోనే ఉండవచ్చు. రాసిపెట్టిన నాటిక తీసుకురావద్దు. పిల్లలతో పాటు మా బడి టీచర్లని కూడా నలుగురైదుగురిని కూర్చోబెట్టి, కుర్చీ ఎక్కడ వెయ్యాలో, ప్రశ్న ఎప్పుడు ఆపాలో చేసి చూపించండి. రంగత్, డిగ్లీపూర్, హట్‌బే లాంటి దూరపు ఊళ్లలో కూడా తెలుగు పిల్లలున్నారు, అక్కడికి శిబిరం ఇంతవరకూ వెళ్లలేదు. మీరొస్తే ఈసారి ఓడలో అందరం కలిసి హట్‌బే వెళదాం. అక్కడి పిల్లలకి ఇప్పటికే కబురు పంపాను.