మీకు తోచినంత

ఫోను ఎక్కువగా శనివారం పొద్దున్నే వస్తుంది. "అన్నయ్యగారూ, మా పెద్దమ్మాయి కూచిపూడి రంగప్రవేశం ఆగస్టులో పెట్టుకున్నామండీ. మృదంగం మీరే వాయించాలి" అంటుంది అవతలి గొంతు. తేదీ, హాలు, నాట్యం నేర్పిన గురువుగారి పేరు, అంశాలెన్ని, పాడేదెవరు, అన్నీ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. ఆ తరవాత ఇద్దరం కాసేపు మాట్లాడం. చివరికి ఆవిడే "మీరెంతంటే అంతేనండీ" అంటుంది. 2019 దాకా ఆ మాటకి నా జవాబు ఒక్కటే: "మీకు తోచినంత ఇవ్వండమ్మా."

అది మర్యాద అనుకున్నాను. విజయవాడలో మా పెద్దలందరూ అలాగే అనగా విన్నాను. ఆ మాట అనడం తప్పని ఇప్పుడు నా నమ్మకం.

2018 చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మృదంగాన్నే బతుకుతెరువు చేసుకున్నాను. మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. మర్నాటి వేసవిలో ఫిలడెల్ఫియా పక్కన ఒక రంగప్రవేశానికి ఒప్పుకున్నాను. అయిదు రిహార్సళ్లు, ఒక ప్రదర్శన. వాళ్లింటి బేస్‌మెంట్‌లో ఒక్కో రిహార్సల్ మూడు గంటలు. రానూపోనూ 112 మైళ్లు, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ప్రదర్శన రోజు పొద్దున పది గంటలకి బయల్దేరి రాత్రి పదకొండుకి ఇల్లు చేరాను. మెచ్చుకున్నారు, శాలువా కప్పారు, తాంబూలంలో కవరు పెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పి చూస్తే 416 డాలర్లు. మన నూటపదహార్ల లెక్క సముద్రం దాటినా పదహారు వదల్లేదు. ఆ ఇంటివాళ్ల ప్రేమలో లోటేమీ లేదు. ఇంతని అడగనివాడికి తమకు తోచినంతే ఇచ్చారు.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. ఆరు ప్రయాణాలు, 672 మైళ్లు. కారు నడిపినందుకు పెట్రోలూ అరుగుదలా కలిపి ఆ ఏడాది అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ మైలుకి 58 సెంట్లు ఖర్చు కింద ఒప్పుకుంది. అంటే దాదాపు 390 డాలర్లు. మిగిలింది 26. టర్న్‌పైక్ టోల్ కూడా అందులోంచే. ఇంట్లో జతులు రాసుకుని సాధన చేసిన గంటలు కలపకుండానే నలభై గంటలు దాటింది పని.

ఇందులో మృదంగం ఖర్చు రాలేదు. పాడేది ఆడవారైతే హెచ్చు శృతి మృదంగం, మగవారైతే తగ్గు శృతిది కావాలి. అంటే కనీసం రెండు, ఒకటి పగిలితే ఉండాలని మూడోది. చలికాలంలో హీటర్ల గాలికి చర్మం ఎండి బిగుసుకుపోతుంది. వేసవిలో ఏసీ హాల్లోకి అడుగుపెట్టగానే శృతి మారుతుంది. ఎడమ వైపు బొంబాయి రవ్వ ముద్ద అద్ది, కుడి వైపు రాయీ కర్రముక్కా పెట్టి అంచు మీద కొట్టి సరిచేసుకోవడం నాకు వచ్చు. మూత మార్చడం రాదు. ఆవు, గేదె, మేక తోళ్లను వాటి వాటి చోట్ల బిగించి, మధ్యలో నల్లటి కరణి పొరలు పొరలుగా రుద్ది నాదం తెప్పించే పనివాళ్లు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నేను ఇండియా వెళ్లినప్పుడల్లా మృదంగాలు మోసుకెళ్తాను. తంజావూరు ప్రాంతపు మృదంగం తయారీదారుల మీద కర్ణాటక గాయకుడు టి.ఎం.కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. వాళ్లవి చాలావరకు దళిత క్రైస్తవ కుటుంబాలు. వేదిక మీద మాకు వచ్చే పేరులో వాళ్ల వాటా ఎంత, కూలీలో ఎంత అని ఆ పుస్తకం అడుగుతుంది. నా రేటు నేను సరిగ్గా చెప్పుకోకపోతే మూత వేసేవాడి దగ్గర బేరమాడతాను. ఆడాను కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

"సంగీతాన్ని అమ్ముకుంటారా?" అని నన్ను ముఖం మీదే అడిగినవాళ్లున్నారు. వాళ్లకి వెంటనే గుర్తొచ్చేది త్యాగరాజస్వామి. రాజుగారి కానుకలు వద్దన్నాడని మనందరం చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ ఆయన ఉంఛవృత్తి చేశాడు. తిరువయ్యారు వీధుల్లో పాడుతూ నడిస్తే ఇల్లిల్లూ గడప దాటి వచ్చి బియ్యం పోసింది. రాజు పెట్టింది వద్దన్నవాడిని ఊరు పోషించుకుంది. ఆ కథలో ఊరి భాగాన్ని మనం మరిచిపోయాం.

మన పల్లెల్లో భజంత్రీలకి పెళ్లి రోజు ఎంతని ఎవరూ అడిగేవాళ్లు కాదు, వాళ్లూ చెప్పేవాళ్లు కాదు. ఎందుకంటే కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర అనే వాటా వచ్చేది. కొన్ని గుళ్లకి మంగళవాద్య సేవ కింద మాన్యం ఉండేది. ఆ ఏర్పాటు గొప్పదని నేననను. కులానికి కట్టేసిన చాకిరీ అది, రానని చెప్పే హక్కు లేదు. అయినా ఏడాది తిండికి ఏదో ఒక దారి ఉండేది కాబట్టి, పెళ్లిలో చేతిలో పెట్టే పదహారు గౌరవం కింద చెల్లింది. మేరలు పోయాయి, మాన్యాలు పోయాయి. పదహారు మాత్రం మిగిలింది. దానితోనే బతకమంటే ఎలా?

ఇంకో సంప్రదాయం కూడా మనకుంది, దాన్ని తలిచేవాళ్లు తక్కువ. మా గురువుగారు ఆకాశవాణిలో బి-హై గ్రేడు కళాకారులు. విజయవాడ కేంద్రం నుంచి పోస్టులో కాంట్రాక్టు కాగితం వచ్చేది. తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ఎంత ఫీజు, అన్నీ అచ్చులో. ఆడిషన్‌లో వచ్చిన గ్రేడుని బట్టి ఫీజు. పక్కవాద్యం వాళ్లకీ వేరే గ్రేడు, వేరే కాగితం. ఆయన కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివి, సంతకం చేసి, తన ప్రతిని ట్రంకు పెట్టెలో దాచేవారు. నవరాత్రి కచేరీ నుంచి వచ్చిన రాత్రి మాత్రం తాంబూలం సంచీ మంచం మీద కుమ్మరించి, తమలపాకుల మధ్య కవరు వెతుక్కునేవారు. అదే మనిషి, అవే చేతులు. రేడియో కాగితం మీద సంతకం పెట్టినందుకు ఆయన వాయిద్యంలో భక్తి తగ్గగా నేను చూడలేదు.

అసలు చెప్పాల్సింది నా తప్పు గురించి. గ్రీన్ కార్డు రావడానికి ముందు పన్నెండేళ్లు నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. ఆ వీసాలో పిటిషన్ పెట్టిన కంపెనీ దగ్గర తప్ప ఇంకెక్కడా డబ్బుకి పని చేయకూడదు. అందుకని శని, ఆదివారాలు ఊరికే వాయించేవాణ్ణి. ఉగాది వేడుకలు, సంక్రాంతి సంబరాలు, పెళ్లిళ్లు, టికెట్లు అమ్మిన సభలు, ఎవరు పిలిస్తే వాళ్లకి. నాకు జీతం వస్తోంది, వాయించే అవకాశమే పదివేలు అనుకున్నాను. నాలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ పదిమంది ఉన్నారు. తీయటి చేతులున్నవాళ్లు, పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు.

క్వీన్స్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. నాకంటే పదిహేనేళ్లు ముందొచ్చారు. పాఠాలూ కచేరీలూ తప్ప వేరే ఆదాయం లేదు. నేను ఉద్యోగం మానేశాక ఒక రాత్రి ఒకే కారులో ఇళ్లకి వస్తున్నాం. ఒక తెలుగు సంఘం పేరెత్తి, "ఉగాదికి వాళ్లు నన్నే పిలిచేవారు నాయనా. నువ్వు ఊరికే వాయించిన ఏడాది నుంచి మళ్లీ ఫోను చేయలేదు" అన్నారు. గొంతులో కోపం లేదు. ఎప్పుడో జరిగినదాన్ని గుర్తు చేసుకున్నట్టే అన్నారు. ఆ ఉగాదికి స్టేజి అలంకరణకి డబ్బిచ్చారు, సౌండు వాళ్లకిచ్చారు, క్యాటరింగుకిచ్చారు. మృదంగం ఒక్కటే ఊరికే వచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఆ సంఘం దృష్టిలో మృదంగం వెల సున్నా అయింది. ఆ సున్నా పెట్టింది నేను.

అందుకే వీసా కారణంగా డబ్బు తీసుకోలేని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్కటే చెబుతుంటాను. గుళ్లో వాయించండి, త్యాగరాజ ఆరాధనలో వాయించండి, స్నేహితుల ఇంట్లో పొద్దెక్కే దాకా వాయించండి. నేనూ ఆరాధనకి పైసా తీసుకోను, ఎప్పటికీ తీసుకోను. కానీ టికెట్టు పెట్టిన సభకీ, లైట్లవాడికి డబ్బిచ్చే వేడుకకీ ఊరికే వెళ్లకండి. ఆ పిలుపు ఈ పని మీదే బతికేవారికి వెళ్లనివ్వండి. ఈ మాటకి కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకున్నా చెబుతూనే ఉంటాను.

రేటు చెప్పడం నేను నేర్చుకున్నది ఒక పెళ్లిలో. పొద్దున ముహూర్తానికి మా బృందం, సాయంత్రం విందుకి అమెరికన్ బ్యాండు. పెళ్లి ఆలస్యమై మేం గంటన్నర ఎక్కువ వాయించాం, ఎవరూ ఏమీ అనలేదు, మేమూ అనలేదు. రాత్రి పదింటికి ఆ బ్యాండు నాయకుడు పెళ్లికూతురి తండ్రి దగ్గరికి వచ్చి, మన సమయం అయిపోయింది, ఇంకో అరగంట కావాలంటే ఒప్పందంలో రాసిన ప్రకారం ఇంత అవుతుందని చిరునవ్వుతో చెప్పాడు. ఆయనా చిరునవ్వుతోనే సరేనన్నాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఇబ్బంది లేదు. విరామంలో శాక్సఫోన్ వాయించే ఆయన్ని ఈ పద్ధతి గురించి అడిగితే చెప్పాడు. ఇక్కడి సంగీతకారుల సమాఖ్య 1896లో పుట్టింది. న్యూయార్క్ శాఖ, లోకల్ 802, 1921 నుంచి ఉంది. ఏ తరహా పనికి కనీసం ఎంతో రాసిపెట్టుకుంటారు. బృందాన్ని నడిపేవాడికి అదనం, రెండో వాద్యం పడితే అదనం, బరువైన వాద్యం మోసుకొస్తే దానికీ లెక్కే. తబలాలు, మృదంగాలు, ఘటం మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కిన రోజులు నాకు గుర్తొచ్చాయి.

ఇప్పుడు నా దగ్గర ఒక్క పేజీ కాగితం ఉంది, తెలుగులోనే. రిహార్సల్ ఒక్కోదానికి 120 డాలర్లు, ప్రదర్శన రోజుకి 700. మైళ్లకి ఐఆర్‌ఎస్ ఆ ఏడాది చెప్పిన రేటు, 2025లో అది 70 సెంట్లు. మాట ఇచ్చిన రోజు మూడో వంతు బయానా. అనుకున్న వేళ దాటితే అరగంటకి ఇంత. కంజీర కూడా కావాలంటే ఇంత. సొంతంగా పనిచేసేవాడికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులే 15.3 శాతం, యజమాని వాటా కూడా మనమే కట్టుకోవాలి. ఆ సంగతి కాగితంలో రాయను గానీ అంకె వేసేటప్పుడు కలుపుకుంటాను. బృందాన్ని నేనే కూర్చితే వయొలిన్, వేణువు వాళ్ల రేట్లు వాళ్లనే అడిగి వేరువేరు వరసల్లో రాస్తాను. మొత్తం ఒకే అంకె చెప్పి అందులోంచి పక్కవాద్యాలకి తోచినంత పంచడం నేను నా చిన్నతనంలో చూసిన అన్యాయం, నా చేతుల మీదుగా జరగనివ్వను.

న్యూయార్క్ నగరంలో 2017 నుంచి, 2024 ఆగస్టు నుంచి రాష్ట్రమంతటా, 800 డాలర్లు, ఆ పైబడిన ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలని చట్టం ఉంది. చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో ఇవ్వాలి. న్యూజెర్సీ నుంచి నది దాటి వాయించడానికి వెళ్లే మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

మొదటిసారి నా రేట్ల కాగితం ఒక రంగప్రవేశం అమ్మాయి తల్లికి పంపినప్పుడు చేతులు వణికాయి. అరగంటకి ఆవిడ ఫోను చేసింది. "అన్నయ్యగారూ, బతికించారు. మేకప్ అమ్మాయి చెప్పింది, వీడియోవాళ్లు చెప్పారు, పూలవాళ్లు చెప్పారు. మీరొక్కరే చెప్పరు. తక్కువిస్తే మీరేమనుకుంటారో, ఎంతివ్వాలో ఎవరిని కనుక్కోవాలో తెలియక నెల్లాళ్లుగా మా ఆయనా నేనూ వాదులాడుకుంటున్నాం" అంది. తోచినంత ఇవ్వమని చెప్పి ఇన్నేళ్లూ ఎన్ని ఇళ్లకి ఈ బెంగ పెట్టానో ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

కాగితం చూసి మళ్లీ పలకనివాళ్లూ ఉన్నారు. రికార్డు చేసిన సంగీతం పెట్టుకుంటామన్నవాళ్లున్నారు. పోయినవి పోయాయి.

మొన్న ఒక రంగప్రవేశం ఆగస్టు తేదీ నాకు కుదరలేదు. ఇంకెవరైనా ఉన్నారా అని ఆ అమ్మాయి తల్లి అడిగింది. క్వీన్స్ పెద్దాయనకి ఫోను చేసి, "మీ రేటు ఎంతని చెప్పమంటారండీ?" అన్నాను. కాసేపు ఆగి ఆయన చెప్పిన అంకె నాదానికంటే 250 డాలర్లు ఎక్కువ. ఉన్నదున్నట్టు రాసి పంపాను. సాయంత్రానికి ఆవిడ సరేనంది. రాత్రి ఆయన నుంచి మెసేజి వచ్చింది: "రిహార్సళ్లు ఎన్నని మొదటే రాశావు కదా నాయనా?"

రాశానండీ అని జవాబిచ్చాను. ఆరు.