పేజీ వెనక గరుకు

అటక మీది ట్రంకుపెట్టె దించితే తాతయ్య పుస్తకం ఒకటి బయటపడింది. అట్ట ఊడిపోయింది. లోపలి పేజీ మాత్రం చెక్కుచెదరలేదు: వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్, చెన్నపురి.

కాగితం తిప్పి వెనకవైపు తడిమాను. అక్షరాలు సన్నని గరుకుగా వేలికి తగిలాయి. సీసం ఒత్తిన గుర్తులవి. ఎవరో కంపోజిటర్ గళ్ళపెట్టె ముందు నిలబడి, వత్తునూ గుడినీ తిరగేసి చూసుకుంటూ, ఒక్కొక్కటే ఏరి పేర్చి ఉంటాడు. ఆయన పేరు ఇందులో ఎక్కడా లేదు. ఆయన పని ఇంకా వేలికి అందుతోంది.

రామస్వామి శాస్త్రులుగారు మద్రాసులో అచ్చుకూటం పెట్టింది 1854లో. తర్వాత కొడుకు వేంకటేశ్వర శాస్త్రులుగారు దాన్ని పెంచారు. పెరగడమంటే యంత్రాలు పెరగడమేనా? ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరిస్తే 1910లో అచ్చువేసింది వీళ్ళే. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగాక, 1952లో మళ్ళీ అచ్చువేసిందీ వీళ్ళే. నలభై ఏళ్ళు ఒక కావ్యాన్ని మరిచిపోకుండా ఉండటం! నాకు ఆ సంస్థ ఎదుగుదల అక్కడే కనిపిస్తుంది.

‘అండ్ సన్స్’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అందులో కొడుకు పేరు లేదు, తండ్రి పేరే ఉంది. కొడుకు బతుకంతా ఆ పేరు కింద అచ్చయింది.

తాతయ్య పద్యం చదివేటప్పుడు పాదం వెంట వేలు నడిపేవాడు. కొన్ని పేజీల్లో ఆ చోట కాగితం నున్నబడింది. నా వేలు ఇప్పుడు అక్కడే ఉంది.