8 జీబీ ర్యామ్‌లో మూడు సర్వర్లు

"లైనక్స్ నేర్చుకుంటే జాబ్ వస్తదా అన్నా" అని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. మా ముగ్గురి సంగతి చెప్తాం, మీరే చూసుకోండి.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో దిగినం. క్లాసు ఎల్బీనగర్ దగ్గర. ఫీజు కోసం ఒకరింట్లో ఎడ్లు అమ్మిన్రు, ఇంకొకరింట్లో తునికాకు పైసలు పెట్టిన్రు. తీరా చూస్తే ముప్పై మందికి ఒకటే సర్వర్, ఒకటే రూట్ పాస్‌వర్డ్. పొద్దున మేం సెట్ చేసింది సాయంత్రం బ్యాచ్ వాళ్ళు చెరిపేసేవాళ్ళు. పైగా నేర్పింది సెంటాస్ 7. దాని సపోర్ట్ 2024 జూన్ 30తోనే ఆగిపోయింది. మేం చేరింది ఆ తర్వాత. ఆ ముక్క క్లాసులో ఎవరూ చెప్పలే.

ముగ్గురం కలిసి సికింద్రాబాద్ సీటీసీలో ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నం. 8 జీబీ ర్యామ్. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, రాకీ లైనక్స్ వేసి, కేవీఎం పెట్టినం. కేవీఎం 2007 నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు.

హైపర్‌వైజర్ అంటే ఏందో స్లైడ్లు చూస్తే ఎక్కలే. మన ఆశ్రమ పాఠశాల గుర్తొచ్చినంక ఎక్కింది. హాలు ఒకటే, ఎవరి ట్రంకుపెట్టె వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. జాగా, బియ్యం పంచేది వార్డెన్. పండగకి సగం మంది ఇంటికి పోతరులే అని ఆయన తక్కువ వండిస్తడు. అందరూ ఒకేసారి పళ్ళేలు పట్టుకొని వస్తే?

మాకు అదే అయ్యింది. మూడు వర్చువల్ మిషన్లకు తలా 3 జీబీ రాసిచ్చినం. ఖాళీగా ఉన్నంతసేపు బాగానే నడిచినయి. డేటాబేస్ మీద లోడ్ పెట్టి మళ్ళీ చూస్తే ఆ మిషన్ ఆగిపోయి ఉంది. దాని లోపలి లాగ్‌లలో రెండు రాత్రులు వెతికినం, ఏమీ లేదు. అసలు కారణం బయట హోస్ట్ లాగ్‌లో ఉంది. ర్యామ్ అయిపోతే కెర్నల్ బాగా తింటున్న ప్రాసెస్‌ని చంపేస్తది. హోస్ట్ లెక్కలో మన సర్వర్ మొత్తం ఒక్క ప్రాసెసే!

ఇంకో దెబ్బ కూడా తిన్నం. స్నాప్‌షాట్లు తీసినం కదా అని ధీమాగా ఉన్నం. అవి కూడా అదే డిస్క్ మీద ఉన్నయి. డిస్క్ పోయింది, నాలుగు నెలల పని దాంతోనే పోయింది.

ఆ టైంలోనే ఒకాయన మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కాగితం ఇప్పిస్తా, పైసలు కట్టమన్నడు. మాలో ఇద్దరికి మనసు లాగింది, దాచడం ఎందుకు. ఇంటికి ఫోన్ చేసి ఇంకా పైసలు అడగడానికి నోరు రాలే, అందుకే ఆగినం. ధైర్యం ఏమీ కాదు.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో "వీఎం సడెన్‌గా ఆగిపోతే ముందు ఎక్కడ చూస్తవ్" అని అడిగిన్రు. మా రెండు రాత్రుల కథ ఉన్నదున్నట్టు చెప్పినం. ఎక్స్‌పీరియన్స్ ఎంత అంటే లేదన్నం. మాలో ఒకరికి సపోర్ట్‌లో ఎల్1 జాబ్ వచ్చింది, నైట్ షిఫ్టు, జీతం తక్కువే. మిగతా ఇద్దరికి ఇంకా రాలే, తిరుగుతున్నం.

ఆదివారాలు ల్యాప్‌టాప్ రూంలోనే ఉంటది. రాకీ ఐఎస్‌ఓ మా దగ్గరుంది, 16 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. వచ్చే ముందు ఇక్కడే మెసేజ్ పెట్టండి, నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పదింటిదాకా పడుకుంటరు.